నిత్యానందం మాస్టారు చదివిన పీఠిక

తాడేపల్లిగూడెంలో ముప్పై మూడేళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన కనకరత్నానికి ఏటా నవంబరు వచ్చేసరికి ఎవరో ఒకరు ఫోను చేస్తూనే ఉంటారు. ఈసారి చేసింది వినయ్. ఒకప్పుడు ఆవిడ శిష్యుడు, ఇప్పుడు ఊళ్లోనే ఒక కాలేజీలో లెక్చరరు.

"రాజ్యాంగ దినోత్సవానికి మీరే మాట్లాడాలండీ మేడమ్. మీ నాన్నగారి కథ చెప్పండి. ఎయిత్ క్లాసులో విన్నది, ఇంకా గుర్తుంది."

సరేనంది గాని, ఎనభై మూడేళ్ల వయసులో ఆవిడకో సందేహం పట్టుకుంది. అది జరిగేనాటికి తనకు ఏడేళ్లు. కళ్లారా చూసిందెంత, తర్వాత అమ్మ చెప్పగా విన్నదెంత? అడుగుదామంటే ఆనాటి వాళ్లలో మిగిలింది ఎజ్రా ఒక్కడే. ఏలూరులో ఉంటున్నాడు. మనవరాలు లాస్యని తోడు తీసుకుని పొద్దున్నే పాసింజరు ఎక్కింది.

పూళ్ళ స్టేషన్ దాటాక రెండు పక్కలా పండిన వరి. గింజ బరువుకి వాలిన చేను వాసన కిటికీలోంచి వస్తుంటే ఆవిడ మనసు డెబ్బై అయిదేళ్లు వెనక్కి పోయింది.

వాళ్లది పెంటపాడు దగ్గర పల్లె. నాన్న సీతారామాంజనేయ శాస్త్రిగారు రామాలయం అర్చకుడు, ఊరికి పురోహితుడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేవారు. ఊరవతల పేటలోని మిషన్ బడి నుంచి నిత్యానందం మాస్టారు వచ్చి, వీధిలో సైకిలు ఆపుకుని, ఒక కాలు నేలకానించి వినేవారు. ఎజ్రా ఆయన కొడుకే. వెనక క్యారేజీ మీద కూర్చుని ఉండేవాడు.

నలభై తొమ్మిది అక్టోబరులో ఒక వార్త వచ్చింది. రాజ్యాంగాన్ని దేవుడి పేరుతో మొదలుపెట్టాలని ఢిల్లీలో ఒకాయన ప్రతిపాదించాడనీ, ఓటింగు పెడితే అది వీగిపోయిందనీ. ఊరి పెద్ద సత్తిరాజుగారు మండిపడ్డారు.

"ఇంటికి గుమ్మం నిలబెట్టినా కొబ్బరికాయ కొడతాం గదండీ! ఇంత దేశానికి దేవుడి పేరు అక్కర్లేకపోయిందా?"

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "నా బాధ వేరండీ రాజుగారూ. చేతులెత్తి లెక్కపెట్టే చోటికి స్వామిని తీసుకెళ్లడమేమిటి? ఆ ఓటింగులో గెలిచినా నేను ఇంతే బాధపడేవాణ్ణి."

జనవరి ఇరవై ఆరున పంచాయతీ ముందు జెండా కట్టారు. సత్తిరాజుగారు కొబ్బరికాయలు, కర్పూరం, పూర్ణకుంభం అన్నీ సిద్ధం చేయించారు. నాన్న చేతులు జోడించారు.

"పొద్దున్నే గుళ్లో అర్చన చేసే వచ్చానండీ. ఇక్కడ మంత్రం వద్దు. రాజ్యాంగంలో మొదటి మాటలు చదివితే చాలు. నిత్యానందం మాస్టారు చక్కగా చదువుతారు."

అంతవరకూ పంచాయతీ అరుగు మెట్టు ఎక్కి ఎరగని మాస్టారు, పేపరు ముక్క పట్టుకుని పైకెక్కి, 'భారత ప్రజలమైన మేము' అని గొంతెత్తారు. ఆ తర్వాత ఏడాది పాటు సగం ఊరు నాన్నని పిలవలేదు. పెళ్లిళ్లకీ తద్దినాలకీ అత్తిలి నుంచి వేరే ఆయన్ని రప్పించుకున్నారు.

క్లాసులో కథ ఇక్కడితో ఆపేసేది కనకరత్నం.

ఏలూరులో ఎజ్రా గుమ్మంలోనే ఎదురొచ్చాడు. హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవాడు, ఎనభై ఆరేళ్లు. కాఫీలయ్యాక ఆవిడ చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నాడు.

"అంతా నిజమేనండీ రత్నంగారూ. ముందురోజు సాయంత్రం సంగతి మీకు తెలీదా?"

"ఏం జరిగిందండీ?"

"శాస్త్రిగారు కాలవ లాకు దాకా వచ్చి మా నాన్నని పిలిపించారు. మంత్రం నేను మానేస్తాను, ప్రార్థన మీరు మానెయ్యండి అన్నారు. మా నాన్న ఎక్కాలు చెప్పాలన్నా ముందు ప్రార్థన చేసే మనిషి. ఆ పూట అన్నం ముట్టలేదు. చివరికి ఒప్పుకున్నారు. తర్వాత మిషన్ పెద్దలు నిలదీశారు. అంతమంది ముందు మాట్లాడే అవకాశమొస్తే ప్రభువు పేరు ఎందుకెత్తలేదని. జూన్‌లో కొల్లేరు లంకకి మార్చేశారు."

"ప్రమోషన్ మీద వెళ్లారనుకున్నానే! హెడ్మాస్టరయ్యారని మా అమ్మ చెప్పింది."

"ఆ బడికి ఉన్నదే ఒక్క మాస్టారు. హెడ్డూ ఆయనే," అని నవ్వాడు ఎజ్రా.

కనకరత్నానికి నవ్వు రాలేదు. నాన్న ఒక్కరే నష్టపోయారని ఎన్ని క్లాసులకి చెప్పింది తను! "ఇంకేమన్నా ఉంటే అదీ చెప్పెయ్యండి," అంది.

ఎజ్రా కాస్త ఇబ్బందిగా కదిలాడు. "మీరేమీ అనుకోకపోతే... జెండా అయ్యాక కూడా నాలుగు నెలలు ఆ ఊళ్లో ఉన్నాం. మా నాన్న రోజూ వీధిలో నించునే పేపరు విన్నారు. మీ అరుగు ఎక్కి కూర్చోమని శాస్త్రిగారు అనలేదండీ."

లాస్య నానమ్మ ముఖంలోకి చూసింది. కనకరత్నానికి ఆ వీధి కళ్ల ముందు మెదిలింది. సాయంత్రపు ఎండలో, ఒక కాలి మీద బరువు వేసి నించున్న మనిషి. రోజూ చూసింది. అరుగు మీద ఇంకో ఇద్దరికి చోటుండేది.

"నేనూ అడగలేదండీ నాన్నని," అంది. "పెద్దయ్యాక కూడా అడగలేదు. కాలేజీకి మీరూ రావాలి. ఆ మాటలు మీరే చదవాలి."

నవంబరు ఇరవై ఆరున ఎజ్రా ఇస్త్రీ చొక్కా వేసుకుని కాలేజీకి వచ్చి, కాగితం చూడకుండా పీఠిక మొత్తం చెప్పాడు. తర్వాత కనకరత్నం కథంతా చెప్పింది. లాకు దగ్గర మాట, లంకకి బదిలీ, అరుగు సంగతి. ఆ చివరిది కూడా దాచలేదు.

ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, మరి మీ నాన్నగారు గొప్పవారా, కాదా?"

"మంచాయనమ్మా. సగం దూరం వచ్చాడు. అంతమాత్రానికే ఊరు ఆయన్ని ఏడాది దూరం పెట్టింది. మిగతా సగం నడవాల్సింది మేము. ఎంత నడిచామో మీరే చూసి చెప్పాలి."

సాయంత్రం ఎజ్రాని స్టేషన్ దాకా ఆవిడే దిగబెట్టింది. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు.

"లంకలో మీవాళ్లు బాగానే ఉండేవారా ఎజ్రాగారూ?"

ఆయన ముఖం వెలిగింది. "మొదటి ఏడు మా అమ్మ ఏడుస్తూనే ఉందండీ. తర్వాత వేరే ఊరికి మారుస్తామన్నా ఆవిడే కదల్లేదు. వానాకాలం కొల్లేరు పొంగితే నీళ్లు పెరటి గుమ్మం దాకా వచ్చేవి. వంట చేస్తూ గాలం వేసి కూర చేపలు తనే పట్టుకునేది. అలాంటి కొర్రమీను పులుసు మళ్లీ తినలేదంటే నమ్మండి."

"మా ఇంట్లో చేప పేరెత్తకూడదు," అంది కనకరత్నం. "అయినా చెప్పండి. పులుసులోకి చింతపండా, మామిడికాయా?"

రైలు ఇరవై నిమిషాలు ఆలస్యమని మైకులో చెప్పారు. ఎజ్రా చెప్పడం మొదలుపెట్టాడు.