ఇద్దరూ తాగిన పాలు

మాది సాతంరాయి. ఇంటి వెనక రెండు గదులు కిరాయికి ఇస్తాం. నా కొడుకు నరేందర్ చంటివాడిగా ఉన్నప్పుడు ఆ గదుల్లో కౌసర్ వాళ్ళుండేవారు. ఆమె టైఫాయిడ్‌తో దవాఖానలో పడితే, పసివాడు ఆకిఫ్ గుక్కపట్టి ఏడ్చేవాడు. ఆ ఏడుపు వింటే చాలు, నా రొమ్ములు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయేది. ఎవరి బిడ్డ అని ఒళ్ళు అడుగుతుందా? తీసుకుని పాలిచ్చాను.

తర్వాత వాళ్ళు కాటేదాన్‌కు మారారు. ఆ గదుల్లోకి రషీద్ కుటుంబం వచ్చింది. అప్పటికి నా కూతురు సరిత ఒళ్ళో ఉంది. రషీద్ భార్యకు రొమ్ములో గడ్డ లేచి దవాఖానలో కోత పెడితే, వాళ్ళ నూరీన్‌కూ నేనే ఇచ్చాను. మా అత్త సణిగితే, పాలు నావా నీవా అని కసిరాను.

ఇన్నేళ్ళకు ఆకిఫ్, నూరీన్ ఎయిర్‌పోర్టులో ఒకేచోట నౌకరీ చేస్తూ మనసుపడ్డారు. పెద్దలూ ఒప్పుకున్నారు. మంగ్నీకి, అదే నిశ్చితార్థానికి, నన్నూ పిలిచారు. నాకెంత సంబరమో చెప్పలేను. అందరి ముందూ ఇద్దరి తలలూ నిమిరి, "ఇద్దరూ నా పాలు తాగినోళ్ళే, సల్లగ బతుకుతరు" అన్నాను.

కౌసర్ మిఠాయి పళ్ళెం కింద పెట్టేసింది. రషీద్ మళ్ళీ చెప్పమన్నాడు. పిచ్చిమొహాన్ని, నవ్వుతూ మళ్ళీ చెప్పాను. కౌసర్‌కు నూరీన్ సంగతి తెలియదు, రషీద్ వాళ్ళకు ఆకిఫ్ సంగతి తెలియదు. రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు తెలియంది మంగ్నీకొచ్చిన వాళ్ళ మతపెద్ద చెప్పాడు. ఒకే తల్లి పాలు తాగిన పిల్లలు తోడబుట్టినవాళ్ళతో సమానమట. వాళ్ళకు నిఖా కుదరదట. పాలిచ్చింది హిందువైనా అంతేనట. ఆకలైన బిడ్డకు పాలిచ్చినందుకు ఇదేం శిక్షని నేను ఎగిరిపడ్డాను.

నోరా వీపుకు తేకే అంటారు. నా నోరు ఆ పిల్లల వీపుకు తెచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మా ఇంటికొచ్చారు. ఆకిఫ్ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నూరీన్‌కు పట్టింది డబ్బాపాలేనని, మంగ్నీలో ఊరికే గొప్పకు అన్నానని ఒక్కమాట చెబితే పెద్దలు వింటారని నా చేతులు పట్టుకున్నాడు. చెబుదామనే అనుకున్నాను. అబద్ధానికేం, పిల్లల కోసం ఎన్నయినా ఆడతాను.

నూరీన్ మాత్రం దూరంగా కూర్చుని నా మొహమే చూస్తోంది.

"అమ్మా, నాకు నిజం చెప్పు," అంది. "నువ్వు కాదంటే నమ్ముత. గని అబద్ధమైతే రోజూ ఆయన మొఖం చూసి బతకలేను."

ఆకిఫ్ నా చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కాదు అందామని నోరు తెరిచాను.

"తాగినవ్ బిడ్డా," అన్నాను.

నూరీన్ ఏడవలేదు. లేచి ఆకిఫ్ దగ్గరికొచ్చింది.

"పోదాం లే, భాయ్."

వాడు లేవలేదు. ఆమె వంగి చెయ్యి పట్టుకుని లేపింది. నిన్నటిదాకా పరాయి మగవాడని నలుగురిలో వాడి పక్కన కూడా నిలబడని పిల్ల. ఇప్పుడు పట్టుకోవచ్చు కదా.