రెండో పోటు

గాజుపలకను వెలుతురుకెత్తి చూసి, మెత్తటి గుడ్డతో తుడిచి, ట్రేలో పెట్టాడు అద్దాలాయన. తరువాత ఇంకొకటి తీశాడు. ఆస్పత్రిలో అందరూ ఆయన్ని పిలిచేది ఆ పేరుతోనే. ముక్కుమీద కళ్లద్దాలు లేవు గానీ బతుకంతా అద్దాలమీదే. పొట్టి మనిషి, ముందుకు వంగిన మెడ, రంగునీళ్లు ఇంకి ఊదాగా మారిన వేలికొసలు. సబ్బుకు లొంగని ఆ వేళ్లు చూసి నర్సమ్మ, "మీకు సంతకం ఎందుకండీ, వేలు ఆనిస్తే చాలు" అంటుంటుంది.

ఆయనది రెండు మాటల ఉద్యోగం. క్లోమంలో గడ్డ ఉందన్న అనుమానంతో వచ్చినవాళ్లకు డాక్టరుగారు నోట్లోంచి గొట్టం దింపి, పొట్ట గోడలోంచి సూది పొడుస్తారు. ఆ గ్రంథి జానెడే, దాని వ్యవహారం మాత్రం పెద్ద గ్రంథం. కడుపు వెనక నక్కి, ఓ పట్టాన చిక్కదు. సూదిలో వచ్చిన బొట్టును అద్దాలాయన పలకమీద పరిచి, రంగువేసి, మైక్రోస్కోపులో చూస్తాడు. పరీక్షకు సరిపడా కణాలుంటే "ఉంది" అంటాడు, డాక్టరు ఆపేస్తారు. "లేదు" అంటే మళ్లీ పొడుస్తారు. కణాల కోసం క్షణాలు లెక్కపెట్టుకుంటూనే నడివయసు గడిచిపోయింది.

ఈమధ్య ఆ గదిలో ఏది మేలో తేల్చడానికి రెండు సూదుల పోటీ నడుస్తోంది. పాతది సన్న సూది, దానికి పక్కన అద్దాలాయన ఉండాలి. కొత్తది కాస్త లావు, దారప్పోగులాంటి ముక్కనే కోసి తెస్తుంది. అది తిన్నగా సీసాలోకి పోతుంది, మధ్యలో చూసేవాడితో పనిలేదు. ఎవరికి ఏ సూదో మూసిన కవరు చెబుతుంది. తక్కువ పోట్లతో పని కానిచ్చిందే పోటీలో గెలిచినట్టు. లావుది గెలిస్తే తన కుర్చీ ఎత్తేస్తారని ఆయనకు తెలుసు. అయినా ఈ ఉదయం కవరులో లావు సూదే రావాలని కోరుకున్నాడు.

బల్లమీద ఎడమవైపుకు ఒత్తిగిలి పడుకున్నది వదిన.

బడికెళ్లే వయసునుంచీ ఆయన్ని పెంచింది ఆవిడే. అన్నయ్య పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. "నీకు నచ్చే పిల్ల కావాలంటే మైక్రోస్కోపులోనే వెతకాలిరా" అని ఏళ్లతరబడి నవ్వి నవ్వి, చివరికి పెళ్లి మాటెత్తడమే మానేసింది. ఇప్పుడు బుగ్గలు లోపలికి పోయాయి, కళ్లు పచ్చబడ్డాయి. నోరు మాత్రం చిక్కలేదు.

"ఏరా, నాకు సన్నదా, లావుదా?"

"కవరు తెరవాలి వదినా."

"మూసిన కవరు నాకు కొత్తేం కాదులే. మీ అన్నయ్యనీ అలాగే కట్టబెట్టారు. పైన అంటించిన ఫొటో ఒకటి, లోపల సరుకు ఒకటి."

నర్సమ్మ నవ్వుతూనే కవరు చించింది. సన్న సూది.

డాక్టరుగారు గొంతు తగ్గించారు. "ఇంకో టెక్నీషియన్ సెలవులో ఉన్నాడు. మీకు కష్టమనిపిస్తే రేపటికి మార్చనా?"

జవాబు బల్లమీంచి వచ్చింది. "రాత్రినుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు నాయనా. రేపంటే మీ ఇద్దర్నీ నమిలేస్తాను."

మత్తు ఎక్కింది. గొట్టం దిగింది. సూది తెచ్చిన బొట్టును ఆయన పలకమీద పరిచాడు, రంగులో ముంచాడు, కడిగాడు. చేతులు ఎప్పటిలాగే పనిచేశాయి. కన్ను ఆనించాడు. వెతకాల్సిన పనే లేకపోయింది. కణాలు గుంపులు గుంపులుగా, ఒకదానిమీదొకటి ఎక్కి, ఉబ్బిన నడిమి గింజలతో, వరస తప్పి ఉన్నాయి. ఇలాంటి గుంపుల్ని పరాయివాళ్ల పలకలమీద ఎన్నోసార్లు చూశాడు. అప్పుడల్లా చూసిన వెంటనే చెప్పాడు.

"ఏమండీ?" అన్నారు డాక్టరుగారు.

పెదవులు కదిలాయి. మాట పెగల్లేదు.

"లేదన్నమాట" అనుకుంటూ డాక్టరుగారు సూది మళ్లీ దింపారు. మత్తులోనే వదిన మోకాలు ముడుచుకుంది.

"ఉంది!" అని అరిచాడాయన. "మొదటిదాంట్లోనే ఉంది!"

అప్పటికే పోటు పడిపోయింది. పోటీలో సన్న సూది ఖాతాకు రెండు చేరాయి.

సాయంత్రం, మత్తు దిగిన వదిన పొట్టమీద చెయ్యి వేసుకుంది. "నొప్పిగా ఉందిరా. ఎన్నిసార్లు పొడిచారు?"

"రెండు."

"ఒకసారికి దొరకలేదా?"

"దొరికింది వదినా. నేనే... చెప్పలేకపోయాను."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "అయితే మంచిది కాదన్నమాట."

ఆయన ఆవిడ దుప్పటి అంచు సర్దాడు.

"పరాయివాడెవరైనా చెబితే రిపోర్టు తారుమారైందేమోనని కొన్నాళ్లు ఆశపడేదాన్ని" అంది, ఆ ఊదా వేళ్లను తన చేతిలోకి తీసుకుంటూ. "నువ్వు చూశాక ఇంకేముంది? పోనీలే. పద, ఆకలేస్తోంది."

ఎండలు ముదరకముందే వదిన వెళ్లిపోయింది, ఒక మధ్యాహ్నం కునుకులో, ఎవర్నీ లేపకుండా. ఆ తరువాత లావు సూది గెలిచింది. అద్దాలాయన్ని కింది అంతస్తుకు మార్చారు.

కొత్త గదిలో చేరాల్సిన పొద్దున తన రెండో తెల్లకోటు కోసం ఇల్లంతా వెతికాడు. వదిన మంచం తలవైపు, దిండు కింద మడతపెట్టి ఉంది. చిరిగిన జేబు సగందాకా కుట్టి ఉంది. ఆ సగం దగ్గర గుచ్చిన సూది గుచ్చినట్టే ఉంది, మూరెడు తెల్లదారం ఇంకా మిగిలే ఉంది.