మలుపు దగ్గర సోములమ్మ

సాయిదుర్గ రికార్డు ప్లేయర్ పెట్టె మోసుకొచ్చి అరుగు మీద పెట్టేసరికి బుధు కళ్ళంలో కాఫీ గింజల్ని కాళ్ళతో తిరగేస్తున్నాడు. ఆమె వెనకాలే కారు దిగిన మనిషిని చూశాడు. చూసి కూడా కాళ్ళు ఆపలేదు.

"ఏరా బుధూ, బాగున్నావేటి?" అన్నాడు వరహాలరావు.

"బాగానే ఉన్నాను, రావుగారూ."

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఇద్దరూ ఒరే అంటే ఒరే అనుకున్నవాళ్ళే. వరహాలరావు అరకు రైల్వే క్వార్టర్సులో ఉండే గార్డు కొడుకు. పాటగాడు. పాటంటే గొంతు చించుకోవడమే. బుధు డ్రమ్ములు కొట్టేవాడు. గిటార్లు వాయించిన ఇద్దరూ ఇప్పుడు లేరు. బృందం పేరు రైలు గేటు. విశాఖపట్నంలో ఒక్క పూటకు స్టూడియో మాట్లాడుకుని మూడు వందల రికార్డులు వేయించారు. ఎవరికీ అక్కర్లేకపోయింది. చెదలు మాత్రం వాటి అట్టల్ని ఇష్టంగా తిన్నాయి.

ఇప్పుడు అదే రికార్డు కోసం ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వెతుకుతున్నారట. అలా మరుగున పడిపోయిన రికార్డుల్ని మళ్ళీ వేసే చిన్న కంపెనీ ఒకటి బెంగుళూరులో ఉంది. సాయిదుర్గ అందులో పనిచేస్తుంది. బతికున్న ఇద్దరూ సంతకం పెడితేనే రికార్డు బయటికి వస్తుంది. వరహాలరావు ఎప్పుడో పెట్టేశాడు.

"ఇది నమూనా, తాతగారూ. మీరు విని సరేనంటే చాలు," అంది సాయిదుర్గ.

"వినీసి చెప్తాను."

బుధు కాళ్ళు కడుక్కొచ్చి కూర్చున్నాడు. ముల్లు దిగింది. పాట తోమిన గిన్నెలా తళతళలాడుతోంది. తన డ్రమ్ములు తనకే కొత్తగా ఉన్నాయి. ఒక నిమిషం గడిచాక అతని కుడి మడమ దానంతటది లేచింది. లేచి గాలిలో ఆగింది. పాట ఆగలేదు. మడమ నేలకు తగిలేసరికి వరహాలరావు గొంతు ముందుకెళ్ళిపోయింది.

బుధు ముల్లు ఎత్తేశాడు.

"సోములమ్మేది? దాని అందెల మోతేది?"

సోములమ్మ అతని భార్య. పోయి ఆరేళ్ళయింది. రికార్డు చేసేనాటికి పెళ్ళయి నాలుగు నెలలు. డ్రమ్ములతో పాటు పుల్లతో కొట్టి మోగించే ఇత్తడి పళ్ళాలు కొనే శక్తి ఆ నలుగురికీ లేదు. అందుకని మైకు ముందు చెక్కపలక వేసి, దాని మీద సోములమ్మ చేత థింసా ఆట అడుగు వేయించారు. పాట పొడుగునా ఆమె అందెల మోతే తాళం.

ఆమె పుట్టిన ఊళ్ళో థింసా వరస మలుపు తిరిగేటప్పుడు అందరూ అర అడుగు ఆగుతారు. వరస చివర ముసలమ్మలుంటారు. వాళ్ళు అందుకునేదాకా ఆగాలి. స్టూడియోలో వరసా లేదు, ముసలమ్మలూ లేరు. అయినా మలుపు వచ్చినప్పుడల్లా సోములమ్మ ఆగింది. ఆమె ఆగిందని బుధు ఆగాడు. బుధు ఆగాడని పాటే ఆగింది. మళ్ళీ మొదటినుంచి పాడటానికి టైము లేకపోయింది.

అట్ట మీద నాలుగు పేర్లు వేశారు. ఐదోది వేయలేదు. కాళ్ళకు పేరెందుకన్నాడు వరహాలరావు. ఆ తర్వాత బుధు నోట ఒరే అన్న మాట అతనికి మళ్ళీ దక్కలేదు.

సోములమ్మ ఫొటో ఇంట్లో ఒక్కటే ఉంది, ఆధార్ కార్డు మీదిది. అందులో ఆమెను కన్నబిడ్డలు కూడా పోల్చుకోలేరు. మిగిలింది ఆ అడుగులే.

"టేపు దొరకలేదు తాతగారూ. ఎవరి దగ్గరో ఉన్న అరిగిపోయిన రికార్డు నుంచి చేశాం. టిక్కు టిక్కుమంటుంటే దుమ్మనుకుని తుడిచేశారు," అంది సాయిదుర్గ.

"ఆగినకాడో? అదేటయ్యింది?"

ఆమె వరహాలరావు వైపు చూసింది. "అక్కడల్లా ముల్లు ఎగిరిందని, కలిపేయమని సారే చెప్పారు."

"తప్పేటి?" అన్నాడు వరహాలరావు. "ఇన్నేళ్ళనించీ ఆ సోటొచ్చీసరికి నాకు సిగ్గుతో సచ్చినంత పనవుతాది. రేపు ఫారినోళ్ళు ఇంతారు. తాళం రాని ఎదవలనుకోరా?"

"తవరికి రాదు కదా రావుగారూ. అనుకోనీండి."

సాయిదుర్గ తల తిప్పుకుని ప్లేయర్ వైరు సర్దింది.

బుధు లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తెరిచాడు. పెళ్ళి చీర మడతల్లోంచి రికార్డు తీసుకొచ్చాడు. దాని మీద గీత లేదు. ఎన్నడూ ఎవరికీ ఇవ్వలేదు.

"దీని నుంచి చేస్తే అన్నీ వస్తాయి. పట్టుకెళ్ళి పది రోజుల్లో..." అనబోయింది సాయిదుర్గ.

"పట్టుకెళ్ళడాల్లేవు గుంటా. ఇక్కడే ఎక్కించుకో."

ఆమె లాప్‌టాప్ తెచ్చి వైరు తగిలించింది. ముల్లు దిగింది. అందెలు మోగాయి, అరుగు మీదే ఎవరో నడిచినంత దగ్గరగా. కళ్ళంలో కోళ్ళు తల ఎత్తాయి.

వరహాలరావుకు తెలియకుండానే అతని పెదవులు కదిలాయి. మొదటి మలుపు దగ్గర రికార్డు కన్నా ముందు నోరు తెరిచి, మాట ఒంటరిగా బయటపడేసరికి మూసేసుకున్నాడు. రెండో మలుపు వచ్చింది. ఈసారి ఆగాడు. అడుగు పడ్డాక అందుకున్నాడు. బుధు అది చూశాడు.

పాట అయిపోయింది.

"ఏదీ తుడవకు. ఆగినకాడ ఆగాల. పేరు వెయ్యాల," అన్నాడు బుధు.

"అలాగే తాతగారూ. కాగితం మీదే రాసిస్తాను," అంది సాయిదుర్గ. మొదటి రెండు షరతులూ రాసి సంతకం చేసింది. పేర్ల జాబితా ఉన్న కాగితం అతని ముందు పెట్టింది. బుధు పెన్ను తీసుకుని, అన్నిటికన్నా పైన, అక్షరం అక్షరం నొక్కి రాశాడు. సోములమ్మ, అందెలు. ఆ తర్వాత తన సంతకం పెట్టాడు.

వరహాలరావు మెడ చాచి చూశాడు. "నా పేరు కన్నా మీదెట్టేసినావేటి?"

"కిందెడితే మళ్ళీ తుడిపించీగల్రు."

వరహాలరావు నవ్వబోయి మానుకున్నాడు. కళ్ళం నిండా ఆరబోసిన కాఫీ వంక చూశాడు.

"సరేలేరా, అయిపోయింది కదా. ఓ గ్లాసుడు కాఫీ ఇత్తావా?"

బుధు లోపలికెళ్ళాడు. పొయ్యి రాజేసిన చప్పుడు వినిపించింది. వరహాలరావు అరుగు మీద సర్దుకుని కూర్చున్నాడు.

బుధు ఒక్క గ్లాసు పట్టుకుని బయటికొచ్చాడు. సాయిదుర్గ చేతికిచ్చి, కళ్ళంలోకి దిగి, గింజలు తిరగేయడం మొదలుపెట్టాడు.