వేపకొమ్మ లేని గుమ్మం

పక్క గదిలో ఎల్లవ్వక్క మనవరాలికి తట్టు పోసిన సంగతి, నా కొడుకు సంపత్ రైలెక్కడానికి మూడు గంటల ముందు నాకు తెలిసింది.

కుట్టుమిషను ఎల్లవ్వక్కది. నాలుగు రోజులు పగలంతా ఆమె గదిలోనే కూర్చుని నలభై ఎర్ర కట్‌పీసులకు అంచులు కుట్టాను. మూల దుప్పటి కప్పుకుని పడుకున్న పిల్లను పట్టించుకోలేదు. సంపత్ వాటిని తనతో తీసుకెళ్ళి, తాను పోయే దీవిలోని మనుషులకు ఇవ్వాలనుకున్నాడు. మిగిలిన దారపు ఉండలు ఇద్దామని ఆ మంగళవారం పొద్దున వెళ్తే, మనవరాలు లాస్య గోడకు ఆనుకుని కూర్చుని బిస్కెట్టు నములుతోంది. కిటికీ వెలుతురులో దాని చెవి వెనక చూశాను. మెడ మీద చూశాను.

"ఏందక్కా ఇది?"

"ఏం లేదు చెల్లె. చెమటకాయలు."

"చెమటకాయలు చెవుల ఎనక నుంచి లేస్తయా? నాకు జెప్తున్నవా?"

ఎల్లవ్వక్క పొయ్యి వైపు తిరిగింది. "తగ్గుతున్నది తియ్. శనివారం లేసినయ్. కొమ్మ కడితె అయ్యగారు ఏమంటడో అని కట్టలె. మొన్న మొన్ననే బాప్తిస్మం తీసుకుంటి. ఇంకా పాత బుద్ధి పోలేదంటరు."

సూరత్ లింబాయత్‌లో మా గల్లీ ఎట్లాంటిదంటే ఒక ఇంట్లో పోపు వేస్తే మూడిళ్ళవాళ్ళు దగ్గుతారు. ఎవరింట్లోనైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపకొమ్మ కట్టేవాళ్ళం. ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. పాలవాడు గిన్నె బయటే పెట్టేవాడు. దారాలు కత్తిరించే పనికి చీరలు తెచ్చే మనిషి ఆ గుమ్మం దాటి పక్కింటికి పోయేవాడు. పిల్లకు తలస్నానం పోశాక కొమ్మ తీసేవాళ్ళు, మళ్ళీ అందరూ వచ్చేవాళ్ళు. మా ప్రార్థన మందిరం పాస్టరు సదానందం అయ్యగారు మంచి మనిషే. కొమ్మలు, ముంతలు, ఘటాలు అన్నీ పాత చీకటి అని చెప్పాడు. మేము కొమ్మను కూడా వాటితో పాటే పారేశాము. ఎల్లవ్వక్క తలుపు ఆ వారమంతా తెరిచే ఉంది.

"రాత్రిళ్ళు నేను గుడ్డలు ఈడ పెట్టి పోయినంక పిల్ల ఎక్కడ పడుకున్నది?"

"ఆ గుడ్డల మీదనే. మెత్తగున్నయని."

నేను ఇంటికి వచ్చేసరికి సంపత్ మూట తాడు బిగిస్తున్నాడు. వాడికి ఇరవై ఎనిమిదేళ్ళు. వాళ్ళ నాయిన పనిచేసిన కార్ఖానాలోనే పన్నెండు మగ్గాలు చూసేవాడు. నెల క్రితం పని మానేశాడు. అండమాన్ దీవుల్లో ఒక దీవి ఉందట. అక్కడివాళ్ళకు బట్టలు లేవు, ఇనుము లేదు. మన మాట వాళ్ళకు రాదు, వాళ్ళ మాట ఎవరికీ రాదు. ఏ పడవ దగ్గరికి వచ్చినా ఒడ్డున నిలబడి బాణాలు ఎక్కుపెడతారట. సర్కారు కూడా ఎవరినీ పోనివ్వదు. యేసు పేరు ఒక్కసారి కూడా వినకుండా పుట్టి చచ్చిపోతున్నారని వీడికి నిద్ర పట్టేది కాదు.

వాడి నిద్ర ఎప్పుడు పోయిందో నాకు తెలుసు. మా ఆయన బుచ్చిరాములు మగ్గం పక్కనే గుండె పట్టుకుని కూలిపోయాడు. అప్పటికి సంపత్ మందిరానికి పోబట్టి ఆరు నెలలు. తండ్రి తిడతాడని ఆ ఆరు నెలలూ ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. చెప్పకుండానే తండ్రిని అశ్వనీకుమార్ శ్మశానానికి మోశాడు. ఆ తర్వాత నన్ను మందిరానికి తీసుకుపోయాడు. నేను అక్షరాలు నేర్చుకున్నది అక్కడే, యాభై రెండో ఏట.

అక్షరాలు వచ్చాక నేను అయ్యగారిని అడిగిన మొదటి ప్రశ్న, మా ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడని. ఆయన చాలాసేపు ఊరుకుని, "వినకుండ పోయినవాళ్ళు దేవుని చేతిల ఉంటరమ్మా. ఆ సంగతి మనం తేల్చలేం" అన్నాడు. నాకు ఆ మాట చాలు అనిపించింది. సంపత్‌కు చాలలేదు.

"గా మూట ఇప్పు," అన్నాను.

"ఎందుకే అవ్వా?"

చెప్పాను. వాడు మూట మీద నుంచి చేతులు తీసి, లుంగీకి తుడుచుకున్నాడు. 

"మంచిగ జెప్పినవ్. ఇవి ఇక్కడనే ఉండనీ. ఉత్త చేతులతోనే పోత. అపొస్తలులు ఏం మూటలు మోసుకపోయిండ్రు?"

"అసలు పోకపోతె ఏమైతది? మీ నాయిన దేవుని చేతిల ఉన్నడని అయ్యగారు జెప్పిండు. మరి గా దీవోళ్ళు కూడ గదే చేతిల ఉన్నరు గద. నువ్వు పోయి ఆ చేతులకెల్లి గుంజుతవా?"

వాడు నవ్వాడు. "నాలుగు అక్షరాలు రాంగనే పాస్టరమ్మవైనవు. అయ్యగారి కుర్సి ఖాళీ చేయమందమా?"

"నవ్వకు. జెప్పు."

"చేతిల ఉన్నరని నమ్మి ఊకుంటె, నాయిన కాడ ఊకున్నట్టే అయితది అవ్వా. నేను ఇంకోసారి ఊకోను."

ఉధ్నా స్టేషన్‌లో వాడిని ఎక్కించి వచ్చి, ఆ గుడ్డలన్నీ సర్ఫు వేసి ఉడకబెట్టాను. ఎర్ర రంగు దిగి నీళ్ళు నెత్తురులా అయ్యాయి. ఆ నీళ్ళు మోరీలో పారబోసి, పెద్ద గండం తప్పింది ప్రభువా అనుకున్నాను. ఎల్లవ్వక్కకు కూడా అదే చెప్పాను.

ఆమె ఊపిరి పీల్చుకుంది. "నీ కొడుకు చెయ్యి మంచిది చెల్లె. ఆదివారం నాడు లాస్యను ఒళ్ళె పండవెట్టుకుని గంటసేపు ప్రార్థన జేసిండు. పిల్ల ఆయన మొహం మీదనే దగ్గింది. అయినా జరగలె. గందుకే తగ్గింది."

ఆ మాట ఆ రోజు నాకు చెవిలో పడింది గానీ లోపలికి పోలేదు. గుడ్డల మీదే ఉంది నా మనసంతా.

సంపత్ మద్రాసు నుంచి ఒకసారి, ఓడ దిగాక ఒకసారి ఫోన్ చేశాడు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక లాడ్జిలో దిగాడు. సూరత్ నుంచి చీరల బేరానికి వచ్చానని చెప్పాడట. పడవ నడిపే ఒక మనిషి దొరికాడని, మంచివాడని, ఇద్దరూ ఒకే పళ్ళెంలో తింటున్నారని చెప్పాడు. మందిరంలో రోజూ వాడి కోసం ప్రార్థన జరిగేది. నేను కూడా మోకరించేదాన్ని. ఏమని అడగాలో తెలియక ఊరికే కళ్ళు మూసుకునేదాన్ని.

ఆ పై వారం గురువారం పొద్దున మళ్ళీ ఫోన్ వచ్చింది.

"అవ్వా, రేపు చీకటి పడంగనే పడవ. మళ్ల కొన్ని రోజులు ఫోన్ కలవది." దగ్గు అడ్డం వచ్చింది. చాలాసేపు దగ్గాడు.

"ఏందిరా ఆ దగ్గు?"

"సముద్రం గాలి పడలె. రెండు రోజుల నుంచి జ్వరం కూడ ఉన్నది. గోలీలు ఏసుకుంటున్న."

"ముక్కు కారుతున్నదా?"

"ఆ."

"కండ్లు మండుతున్నయా? ఎలుగు దిక్కు చూడబుద్ధి అయితలేదా?"

"ఎర్రగైనయ్. నీకెట్ల తెలుసు?"

నాకెట్లా తెలుసంటే, మా అత్తగారింట్లో ముగ్గురు పిల్లలకు ఇట్లాగే మొదలైంది. అప్పుడు సంపత్ ఏడాదిన్నర వాడు. గుమ్మానికి కొమ్మ కట్టిన రోజే వాడిని చంకనేసుకుని మా అమ్మగారి ఊరికి నడిచిపోయాను. మొదటి సూదికి జ్వరం వచ్చిందని మా అత్త తర్వాత తట్టు సూది వేయించనివ్వలేదు. ఆ ఊళ్ళో తట్టు పోయని పిల్లవాడు వాడొక్కడే. ఎన్నేళ్ళు ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నానో. ఒకసారి పోసినవాళ్ళకు మళ్ళీ పోయదు, వీడికి ఒక్కసారీ పోయలేదు. ఆదివారం నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదకొండో రోజు.

"సంపత్, ఇను. అది గాలి కాదు. నీకు తట్టు లేస్తున్నది. లాస్య నీ మొహం మీద దగ్గింది. పదిహేను రోజులు ఆగు కొడుకా."

"ఆగితె వెన్నెల వస్తది. కోస్ట్‌గార్డోళ్ళు చూస్తరు. పడవాయన గీ అమాసకు మాత్రమే ఒప్పుకున్నడు."

"గుడ్డలకే చేతులు తుడుసుకుంటివి. ఇప్పుడు నువ్వే ఆ గుడ్డవు."

 అటు నుంచి దగ్గు వినిపించింది.

"వాళ్ళు ఒడ్డున బాణాలు పట్టుకొని నిలబడ్తరని నువ్వే జెప్పినవు. అది ఏందనుకున్నవు? అది వేపకొమ్మ బిడ్డా. లోపటికి రావద్దని కట్టిన కొమ్మ. మనం కట్టుడు మరిసినం, వాళ్ళు మరవలె."

"అవ్వా, కొమ్మలు గిమ్మలు అని నువ్వు మళ్ల ఎనక్కి పోతున్నవు." గొంతు గరగరలాడింది. "నాకేమన్న అయితె కానీ. వాళ్ళకు ఏంగాకుండ దేవుడు చూసుకుంటడు. నాయిన కాడ భయపడి ఊకున్న. గా ఒక్క తప్పు చాలు నాకు."

"మీ నాయిన వినకుండ పోయిండు. వీళ్ళు నీ మాట ఒక్కటి అర్థం గాకముందే పోతరు."

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్.

మా గల్లీ చివర డాక్టరమ్మ శ్రీవల్లి క్లినిక్ ఉంది. తెలుగమ్మాయే, వైజాగ్ నుంచి వచ్చింది. వరుసలో ఉన్నవాళ్ళను దాటుకుని లోపలికి పోయి అంతా చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టేసింది.

"దద్దుర్లు రాకముందే అంటుకుంటుందమ్మా. ఇప్పుడు అతని దగ్గర కూర్చున్న ప్రతివాళ్ళకీ అంటుకోవచ్చు. మనకి ఎన్నో తరాలుగా అలవాటైన జబ్బు ఇది. అయినా మనలోనే పిల్లలు పోతున్నారు. ఎప్పుడూ చూడని మనుషుల్లోకి వెళ్తే..." ఆగింది. "అండమాన్‌లోనే ఇంకో తెగలో పూర్వం తట్టు వచ్చి ఊళ్ళకు ఊళ్ళు పోయాయని చదివాను."

"ఆ దీవిల ఎంతమంది ఉంటరు డాక్టరమ్మా?"

"ఎవరికీ సరిగా తెలియదు. మీ గల్లీలో ఉన్నంతమంది కూడా ఉండకపోవచ్చు."

గల్లీ మొత్తం నా కళ్ళ ముందుకు వచ్చింది. ఒక్కొక్క తలుపూ మూసుకుంటూ పోయింది.

"నేను అక్కడి ఆరోగ్య శాఖకు ఫోన్ చేయగలను," అంది డాక్టరమ్మ. "కానీ వాళ్ళు పోలీసులతో వెళ్తారు. ఆ దీవికి వెళ్ళే ప్రయత్నం చేయడమే నేరం. మీ అబ్బాయిని ఆసుపత్రి నుంచి నేరుగా జైలుకు పంపొచ్చు. లాడ్జి పేరు మీకు తెలుసా?"

తెలుసు. సంపత్ చెప్పినప్పుడు కాలెండరు వెనక రాసుకున్నాను, రోజూ చూసి నోటికి వచ్చేసింది.

"ఒక్క గడియ," అని బయటికి వచ్చి అయ్యగారికి ఫోన్ చేశాను. అంతా విన్నాడు. "తొందరపడకమ్మా," అన్నాడు. "నీ కొడుకును నీ చేత్తోనే పట్టిస్తవా? ఈ రాత్రి అందరం ఉపవాసం ఉండి ప్రార్థన చేద్దాం. దేవుడు జ్వరం తీసేస్తడు."

"తీసెయ్యకుంటె అయ్యగారూ?"

ఆయన జవాబు చెప్పలేదు. మా ఆయన గురించి అడిగిన రోజు కూడా ఇట్లాగే ఊరుకున్నాడు. ఆ రోజు ఆ మౌనం నన్ను చల్లబరిచింది. ఈ రోజు క్లినిక్ మెట్ల మీదే ఫోన్ పెట్టేశాను.

లోపలికి పోయి డాక్టరమ్మ ముందున్న కాగితం తీసుకున్నాను. లాడ్జి పేరు రాశాను. గది నంబరు రాశాను. కింద నా కొడుకు పేరు, తండ్రి పేరుతో సహా రాశాను. ఆమె చదివి, "మీరు ఖాయంగా చెప్తున్నారా అమ్మా?" అని మళ్ళీ అడిగింది.

"చెయ్యండి ఫోను," అన్నాను.

ఇంటికి వస్తూ బడి గోడ పక్క చెట్టు నుంచి ఒక కొమ్మ విరిచాను. మా గుమ్మానికి కట్టాను. ఎల్లవ్వక్క బయటికి వచ్చి చూసి, లాస్యను లోపలికి లాక్కుంది. సాయంత్రం అయ్యగారు ఉపవాసానికి పిలవడానికి వచ్చాడు. కొమ్మ చూసి గడప అవతలే నిలబడ్డాడు.

"ఇంట్ల ఎవరికమ్మా?"

"నా కొడుక్కు," అన్నాను.

ఆయన చెప్పులు విప్పకుండానే తిరిగి వెళ్ళాడు.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరమ్మ తానే మా ఇంటికి నడిచి వచ్చింది. సంపత్ దొరికాడు. మొహం నిండా దద్దుర్లట. ఆసుపత్రిలో వేరే గదిలో పెట్టారు, బయట పోలీసు ఉన్నాడు. ప్రాణానికి భయం లేదన్నారు. నాతో మాట్లాడమని ఫోన్ ఇస్తే గోడ వైపు తిరిగి పడుకున్నాడట. నేను కింద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది. అది బాధో, బరువు దిగడమో నాకే తెలియలేదు.

డాక్టరమ్మ మాత్రం వెళ్ళలేదు. వేపకొమ్మ ఆకులు చూస్తూ నిలబడింది.

"ఇంకో మాట చెప్పాలమ్మా. ఆ పడవ మనిషి దొరకలేదు. పోలీసులను చూసి నిన్నే పడవ తీసుకుని పారిపోయాడట. వెతుకుతున్నారు."

"ఆయన ఎక్కడికి పోతడు?"

"ఆ దీవుల చుట్టే అతను చేపలు పడతాడట. దొంగచాటుగా ఒడ్డుకు దిగి కొబ్బరికాయలు తెచ్చుకునే అలవాటు కూడా ఉందని లాడ్జివాళ్ళు చెప్పారు. అందుకే అతనికి ఆ దారి తెలుసు."

ఒకే పళ్ళెంలో తింటున్నామని సంపత్ చెప్పిన మాట గుర్తొచ్చింది. నేను మళ్ళీ వేళ్ళు మడవడం మొదలుపెట్టాను. ఈ రోజు నుంచి పది, పదకొండు. అతనికి అంటుకుని ఉంటే జ్వరం లేచేది అప్పుడే.

ఆ పడవ మనిషి పేరు నాకు తెలియదు. మొహం తెలియదు. చిన్నప్పుడు అతనికి తట్టు పోసిందో లేదో అతని తల్లికి తెలిసి ఉంటుంది. ఆమె ఏ ఊళ్ళో ఉందో అడిగాను. ఎవరికీ తెలియదన్నారు.