మిషన్‌కు పెట్టిన బొట్టు

బూట్ల ఫ్యాక్టరీలో మిషన్ల లైను చివర చెప్పులు విడిచి, నాగులమ్మ ఉంగరపు వేలితో కుంకుమ తీసి కుట్టుమిషన్ మెడ కింద, ఎవరికీ కనబడని చోట అద్దింది. రోజంతా బూట్లు కుట్టే మనిషి చెప్పులు విప్పి పనికి కూర్చోవడమేమిటని నవ్వేవాళ్లు నవ్వుతారు. ఆమె ఇంట పడవ ఎక్కే ముందు అందరూ చెప్పులు విప్పినవాళ్లే, పడవ ముక్కుకు బొట్టు పెట్టినవాళ్లే. పులికాట్ సరస్సులో నీళ్లు తగ్గి, మొగుడు చిన్నపోలయ్య పడవ ఒడ్డున బోర్లా పడింది. ఇప్పుడు ఇంటిని నడిపే పడవ ఈ మిషనే. మిషన్లకు పసుపు కుంకుమలు పూయరాదని కంపెనీ గోడ మీద రాయించింది. దేవుడికి కనబడితే చాలు, కంపెనీకి కనబడనక్కర్లేదని నాగులమ్మ చేసుకున్న సర్దుబాటు.

ఆ రోజు మాత్రం వేళ్లకంటిన కుంకుమ తుడుచుకోవడం మరిచింది. పొద్దున బస్సులో అందరిదీ ఒకటే మాట. బూట్ల అడుగున వేసే సోల్స్ తెచ్చే ఓడ ఎక్కడో నిలిచిపోయిందట, ఆర్డర్ వేరే దేశానికి పోతోందట. అడుగుల్లేని తెల్లబూట్లు గోదాములో గుట్టలు పడి ఉన్న మాట నిజమే.

ఆమెది బక్కపలచటి ఒళ్లు. ఎప్పుడో సూది దిగి చూపుడువేలి గోరు నల్లబడింది. ఆ వేలి కింద, కుట్టిన మొదటి బూటు ముక్కు మీద ఎర్రటి చుక్క. తడివేలితో తుడిచింది. ఆవగింజ చింతగింజయింది.

అప్పుడే బూట్లు కొనేవాళ్ల మనుషులు లోపలికి వచ్చారు. నాగులమ్మ బూటును ఒళ్లో దాచేసింది. వాళ్లు బూట్ల వంక చూడనేలేదు. ఒకాయన వంగి ఆమె మిషన్ మెడ కింద ఫోటో తీసుకున్నాడు. ఆమె గోడ మీది రాత వంక చూసింది.

"ఏంది మే, అన్నం ముందర పెట్టుకుని పెళ్లిచూపుల పిల్ల మాదిరి కూర్చున్నావు?" అంది మధ్యాహ్నం, పక్క మిషన్ రెబెక్కమ్మ.

"ఆయన నా బొట్టును ఫోటో తీసినాడు."

"నన్ను ఇన్నేళ్లలో ఎవురూ తీయలా. నీ మిషన్‌కుండాది ఆ యోగం."

నాగులమ్మ అన్నం డబ్బాకు మూత పెట్టేసింది.

పొద్దు వాలుతుండగా సూపర్‌వైజర్ వనజాక్షి లైను మొత్తానికీ కరెంటు ఆపింది. "రేపటి నుంచి బస్సు రాదు. ఆర్డర్‌తో పాటు మిషన్లు కూడా ఆ దేశానికే పంపిస్తుండారు" అంది, ఎవరి మొహమూ చూడకుండా.

నాగులమ్మ లేచి, ఒళ్లోని బూటు తీసి చూపించింది. "వనజమ్మా, తప్పు నాదే. నన్నొక్కదాన్నే తీసెయ్యమను. వీళ్లందర్నీ పంపించొద్దని చెప్పు."

వనజాక్షి మెడలోని తన గుర్తింపు కార్డు తీసి, దాని తాడును చేతికి చుట్టుకుంటోంది. "ఆయన ఫోటో తీసింది మిషన్ నంబరక్కా. నీ బొట్టుకు అంత బలముంటే ఆ ఓడనే లాక్కొచ్చుండేది గదా."

అసలు భయం అప్పుడు మొదలైంది. తన తప్పే అయితే ఎవరి కాళ్లో ఒకరివి పట్టుకోవచ్చు. ఓడకు కాళ్లెక్కడుంటాయి?

మనుషులు వచ్చి బోల్టులు విప్పి, మిషన్‌ను లారీకెక్కించారు. బొట్టు చెరపాలని ఎవరికీ తోచలేదు. బూటును బల్ల మీద పెట్టి, నాగులమ్మ చెప్పులు తొడుక్కుని చివరి బస్సెక్కింది.

మిషన్ ఉన్న చోట, నూనె మరక పక్కన, అడుగు లేని తెల్లబూటు ఒకటి, ముక్కున కుంకుమతో.