పదకొండు మంది కూలి

"యామినికి కందిపొడి పంపించావా?" అని అడిగారు మా అత్తగారు. యామిని నా ఆడపడుచు, యాప్రాల్‌లో ఉంటుంది. ఆమె ఇంటి పొడులూ పచ్చళ్ళూ పద్మారావు నగర్‌లోని మా వంటింట్లోనే తయారవుతాయి. ఒకసారి నడుం నొప్పి అన్నాను. "మనింట్లోది మనింటికే వెళ్తోంది. దానికి లెక్కేమిటే!" అని నవ్వేశారు.

పన్నెండేళ్ళుగా ఆ మాట వింటూ నేనూ నమ్మాను. ఎంతగా నమ్మానో విచారణకి ఫైలు సర్దుకుంటుంటే తెలిసింది.

మా కంపెనీ మొదటి యూనిట్లో పంపు భాగాలు పోతపోస్తారు, రెండో యూనిట్లో బిగిస్తారు. మధ్యలో అమ్మకం లేదు కనుక ధర లేదు. జీఎస్టీ రాకముందు, ఎక్సైజ్ సుంకం ఉన్న రోజుల్లో, అలాంటి సరుకుకి తయారీ ఖర్చు లెక్కకట్టి, పది శాతం కలిపి, ఆ విలువ మీద సుంకం కట్టాలి. ఎక్సైజ్ పోయింది, విలువ తక్కువ చూపి సుంకం ఎగ్గొట్టామన్న పాత కేసు మిగిలింది. అకౌంట్స్‌లో ఆ ఖర్చుల పట్టీ వేసింది నేనే. ఇనుము, బొగ్గు, కరెంటు, యంత్రాల అరుగుదల అన్నీ వేశాను. పోత ముక్కల అంచులు ఆకురాయితో రుద్దే పదకొండు మంది ఆడవాళ్ళ కూలి మాత్రం వేయలేదు. అది హెడ్డాఫీసు చిల్లర ఖర్చుల్లోంచి వెళ్ళేది. రోజూ వాళ్ళ పక్కనుంచే నడిచేదాన్ని. వేళ్ళకి చుట్టుకున్న గుడ్డపేలికలు చూశాను. అయినా అది పని అని నాకు తోచలేదు.

"ఆ కూలి ముచ్చట ఎత్తకు సుకన్యా," అన్నారు మా మేనేజర్ సదాశివ. "పెనాల్టీ పడితే నీ మీదికే వస్తది. జెర సప్పుడు చేయకుండ కూసో."

"నువ్వు మాట్లాడేదేముంది అక్కడ? ఉద్యోగం పోగొట్టుకుంటావా?" అన్నాడు మా ఆయన ఉదయ్‌కిరణ్, టీ కప్పు నా చేతికిస్తూ, కడగమని.

విచారణలో అధికారి అడిగారు: "ఈ అంచులు రుద్దింది ఎవరు?"

"గది చిన్న పని సార్..." అంటున్నారు సదాశివ.

నేను లేచాను. "పదకొండు మంది ఆడవాళ్ళు సార్. వాళ్ళ కూలి వదిలేసింది నేను. తేడా సుంకం కడతాం. కానీ ఇది ఎగవేత కాదు. మొదటి యూనిట్ కట్టిన సుంకాన్ని రెండో యూనిట్ తన సుంకంలోంచి తగ్గించుకుంటుంది. తక్కువ చూపితే మాకు మిగిలేదేమీ లేదు."

"మరెందుకు వదిలేశారు?"

ఫైలు మూశాను. "వాళ్ళది లెక్కలోకి వచ్చే పని అనుకోలేదు సార్. ఇంట్లో నా పనినీ అలాగే అనుకున్నాను."

ఆయన అది రాసుకున్నారు.

ఐదు వారాలకి ఉత్తర్వు వచ్చింది. తేడా కడితే చాలు, పెనాల్టీ లేదు. 'కంపెనీ పక్షాన శ్రీమతి సుకన్య వాదించారు' అని ఉంది.

"హెడ్డు నేనుంటే నీ పేరు రాసిన్రేంది?" అన్నారు సదాశివ.

"వాదించింది నేను కదా సార్."

వచ్చే నెల ఆయన రిటైరవుతున్నారు. ఆ కుర్చీ నాకు కావాలని డైరెక్టరుకి ఉత్తరం రాశాను. మొదట 'దయచేసి' అని రాసి, కొట్టేశాను.