అమ్మణి నాయన

మేకలకు వినబడింది కదా, మనుషులకు వినబడకపోతుందా, అనుకుంది అమ్మణి, వేలూరు కోట లోపలి పరేడు మైదానంలో అమ్మ పక్కన నిలబడి, నిన్న సాయంత్రం కూడా గుడియాత్తం ఏటి ఇసుకలో ఇవతలి గట్టు మీద నుంచి అవతలి గట్టుకు కేక వేసి చూసుకుంది, మొదటి కేకను గాలి మింగేసింది, రెండో కేక ఏటి నడుమ దాకా వెళ్ళి కూలబడింది, ఆ తర్వాతి కేకకు మాత్రం అవతల తుమ్మచెట్ల కింద మేస్తున్న మేకలు తలలెత్తి చూశాయి, ఒకటి మే అని బదులు కూడా పలికింది, కాబట్టి గొంతు ఉంది, బళ్ళో పంతులు అన్నట్టు ఆ గొంతులో కప్ప ఏమీ కూర్చుని లేదు, ఉన్నా అది నిన్నటితో దిగిపోయింది, పిలవవలసింది ఒక్క పేరే, నాయన పేరే, కానిస్టేబుల్ అంకప్ప, గుడియాత్తం ఠాణా, మనసులో ఎన్నిసార్లు అనుకుందో, రైలులో కిటికీ పక్కన కూర్చుని చక్రాల చప్పుడుకు సరిగ్గా కలిపి అనుకుంది, కాట్పాడిలో దిగి బండి మారేటప్పుడు మూట నెత్తిన పెట్టుకుని కూడా అనుకుంది, పుస్తకంలో రాసుకోమంటే గుండ్రంగా ముత్యాల్లా రాసేయగలదు, కానీ ఇక్కడ రాస్తే చాలదు, నోరు తెరవాలి, ఎదురుగా తలపాగాలు చుట్టుకుని, పిక్కలకు గుడ్డ పట్టీలు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డ పోలీసుల వరుస మొత్తానికీ వినబడాలి.

ఏటేటా ఈ రోజున, జిల్లాలో పనిలో ఉండగా పోయిన పోలీసులను ఇక్కడ పిలుస్తారు, నల్లరాతి స్తంభం ముందు దీపం పెట్టి, పోయినవాడి ఇంటి మనిషి ఒకరు ముందుకు వచ్చి పేరు పిలవాలి, పిలవగానే వరుస మొత్తం ఒక్క గొంతుతో హాజర్ అనాలి, అంటే ఆ మనిషి ఇంకా మా వరుసలోనే ఉండాడు అని అర్థం, అట్లా చెప్పాడు జయరామయ్య, నాయనతో పాటు గుడియాత్తం ఠాణాలో పనిచేసిన హెడ్డు కానిస్టేబుల్, నెరిసిన మీసం, కొంచెం వంగిన నడుము, ఇప్పుడు వరుస చివర నిలబడి ఎవరి వంతు వస్తే వారిని చేయి చూపి పిలుస్తున్నాడు, పోయిన ఏడు అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఆయనే పిలిచాడు, సరసమ్మా రామ్మా అని, అమ్మ వెళ్ళింది, దీపం ముందు నిలబడింది, నిలబడే ఉంది, మొగుడి పేరు పెండ్లాం నోట రాకూడదని పుట్టినప్పటి నుంచి విన్న మనిషి ఎట్లా పలుకుతుంది, అట్లాగని మాట్లాడకుండా వెనక్కి వచ్చే మనిషీ కాదు, చివరికి తల ఎత్తి గట్టిగా అనేసింది, అమ్మణి నాయన, అని, ఇంట్లో పిలిచినట్టే, పొయ్యి దగ్గర నుంచి వీధి గుమ్మానికి వినబడేట్టు పిలిచినట్టే, అంతే, కొత్తగా చేరిన పిల్లకాయలు వరుసలో కిసుక్కుమన్నారు, ఒకడి నుంచి ఒకడికి ఆ నవ్వు పాకింది, జయరామయ్య వాళ్ళను కళ్ళతోనే కాల్చి, తనే గబగబా అంకప్ప పేరు చదివాడు, దానికి వాళ్ళు హాజర్ అన్నారు, అమ్మ కొంగు తల మీదికి లాక్కుని వెనక్కి వచ్చింది, పక్కనే నిలబడి ఉన్న అమ్మణికి మాత్రం అమ్మ మీద జాలి కంటే ముందు సిగ్గు కలిగింది, అందరి ముందూ తన పేరు అట్లా వినబడినందుకు.

ఈ ఏడు అమ్మ రానే రానంది, ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉండాది, నేను రాను, ఆ రాయికి నేను అక్కరలేదు, అంది, చాటలో బియ్యం ఏరుతూ చాలా మామూలుగా అంది, అమ్మ అట్లా మామూలుగా అన్న మాటను మళ్ళీ తిప్పదని అమ్మణికి తెలుసు, ఈ ఏడు రాకపోతే ఇక ఏ ఏడూ రాదు, నాయన దీపం ముందు మన ఇంటి వాళ్ళే ఉండరు, ఎవరో గుమాస్తా ఆ పేరు చదివి పక్క పేరుకు వెళ్ళిపోతాడు, అందుకే నోరు దానంతట అదే అనేసింది, నేను పిలుస్తానమ్మా, నువ్వు వచ్చి నిలబడు చాలు, అని, అమ్మ చాటలోంచి తలెత్తి చూసింది, నువ్వా, సంతలో ఉప్పు బేరం చేయమంటే నా వెనక్కి దూరేదానివి నువ్వా, అంది, నవ్వలేదు, కానీ కళ్ళు కొంచెం నవ్వాయి, మళ్ళీ నవ్వినారంటే మాత్రం అదే కడపటి సారి, చెబుతా ఉండా, అంది, సరే అంది అమ్మణి, ఆ సరే అన్న క్షణం నుంచి ఏదో కొత్త బలం వచ్చి ఎముకల్లో కూర్చుంది, ఇప్పుడు ఇక్కడ, ఇంతమంది ముందు కూడా అది లేచి పోలేదు, అరచేతులు చెమర్చాయి, అంతే, చెమరిస్తే ఏమైంది, పాటుపడేవాడి చేతులూ చెమరుస్తాయి.

ముందు వంతు ఆరోకియమేరి అక్కది, ఆమె పెనిమిటి తంగరాజు ఆలంగాయం సంతకు కలరా కావలికి వెళ్ళి కలరాతోనే వచ్చాడు, ఆమె పొద్దున జట్కా దిగినప్పటి నుంచి అమ్మను ఆటపట్టిస్తూనే ఉంది, ఏమ్మే సరసమ్మా, పేరు పిలిస్తే మొగుడికి ఆయుసు తగ్గుతాదని కదా మీ భయం, ఆయుసే లేనోడికి ఇంగేం తగ్గుతాది, నేను చూడు, తాగొచ్చినప్పుడల్లా పేరు పెట్టి తిట్టినా, ఇప్పుడు పేరు పెట్టి పిలిచేదానికి ఏం సిగ్గు, అంది, అమ్మ కోపం తెచ్చుకోలేదు, కొంగు సర్దుకుంటూ, పెండ్లైనప్పటి నించి నోట్లో దాచి కాపాడినా అక్కా ఆ పేరును, ఇప్పుడు పారేసుకోమంటావా, అంది, ఇప్పుడు ఆరోకియమేరి అక్క మెడలోని శిలువను గుప్పిట్లో పట్టుకుని దీపం ముందుకు వెళ్ళింది, తంగరాజ్, అంది, తిట్టినట్టు కాదు, నిద్ర లేపినట్టు, వరుస హాజర్ అంది, ఆమె వెనక్కి వచ్చేటప్పుడు నడక మారిపోయింది, బరువు దించుకున్న మనిషి నడక, చూశావా, అంతే, ఒక పేరు, ఒక బదులు, అంతకంటే ఏమీ లేదు, అనుకుంది అమ్మణి, కానీ అనుకుంటుండగానే, బూట్ల కింద ఎర్రమట్టి వాసన, దీపం నూనె వాసన, వాటి అడుగున ఎక్కడి నుంచో బురద వాసన, ఏటి వాసన.

నాయన పోయిన ఆ పొద్దున ఏరు ఏరులా లేదు, ఇసుక ఎక్కడా లేదు, పైన చెరువులు తెగి ఎర్రటి నీళ్ళు నేతగాళ్ళ వీధిలోకి వచ్చి మగ్గాల గుంటలు నిండిపోయాయి, అప్పటికి అమ్మణి చిన్నది, అమ్మ కొంగు పట్టుకుని గట్టు మీద నిలబడింది, నాయన నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస రాతి స్తంభానికి ముడివేసి, నీళ్ళల్లోకి వెళ్ళి రావడం, వెళ్ళి రావడం, ఒకసారి భుజం మీద ముసలమ్మ, ఒకసారి మెడ చుట్టూ ఇద్దరు పిల్లలు, చాలప్పా రా అని జయరామయ్య అరిచాడు, మగ్గం వదిలి రానని ఒక ముసలి నేతగాడు పట్టు పట్టి కూర్చున్నాడంట, ఆయన కోసమని మళ్ళీ వెళ్ళాడు, గోడ విరిగింది, తాడు లాగితే తేలిగ్గా వచ్చేసింది, ఆ తేలికకు గట్టు మీద అందరి నోళ్ళూ ఒక్కసారి మూతబడి, ఒక్కసారి తెరుచుకున్నాయి, అంకప్పా, అంకప్పా, అని మగవాళ్ళు కేకలు, ఆ ఊళ్ళో అంకప్పలకు ఏం కొదవ, బండి తోలే అంకప్ప ఒకడు జనం వెనక నుంచి పరుగెత్తుకొచ్చి, ఎవురప్పా పిలిచింది, నేనీడనే ఉండా, అన్నాడు, ఆ మాటకు ఎవరూ నవ్వలేదు, అమ్మణి కూడా, నాయనా, అని పిలిచింది, పక్కన ఇంకా ఎందరు పిల్లలు తమ తమ వాళ్ళ కోసం నాయనా నాయనా అంటున్నారో, ఆ అరుపుల్లో తన అరుపు కలిసిపోయింది, అమ్మ ఒక్కతే నడుము లోతు నీళ్ళల్లోకి దిగి, ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టి లాగుతున్నా ఆగకుండా, అమ్మణి నాయనా, అమ్మణి నాయనా, అని, గొంతు పగిలి మాట పోయేదాకా, ఏరు దేనికీ బదులు పలకలేదు, తర్వాత పళ్ళికొండ దిగువన నాయన దేహం నడుము పట్టీతో సహా దొరికింది.

ఆ రోజు అమ్మణికి భయం వేసింది, నీళ్ళను చూసి కాదు, తన పేరు విని, పోయింది నాయన అయితే అమ్మ నా పేరు అరుస్తుందేమి, ఏరు నా పేరు నేర్చేసుకుందేమో, రేపు నన్ను పిలుస్తుందేమో, అని, అది పిల్లల భయం, ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, కానీ అప్పటి నుంచి తన పేరు ఎవరైనా గట్టిగా అంటే చాలు ఒళ్ళు ముడుచుకుపోయేది, బళ్ళో పంతులు అమ్మణీ అని హాజరు పిలిస్తే ఉన్నా అనడానికి కూడా గొంతు పెగిలేది కాదు, లేవా, ఇంటికాడే మరిచిపోయి వచ్చినావా, అని ఆయన ఎగతాళి చేసేవాడు, అమ్మణీ, అని ఇప్పుడూ ఎవరో పిలుస్తున్నారు, పంతులు కాదు, జయరామయ్య, రామ్మా, గుడియాత్తం వంతు, అంటూ చేయి చాపి దీపం వైపు చూపుతున్నాడు, కాళ్ళు వాటంతట అవే కదిలాయి, మట్టి మెత్తగా ఉంది, దీపం గాలికి ఒక పక్కకు వాలి మళ్ళీ నిలబడింది, స్తంభం పక్కన టోపీ చంకలో పెట్టుకున్న దొర, ఆయన వెనక గుమాస్తా, ఎదురుగా ముఖాలు, ముఖాలు కావు మేకలు, అవతలి గట్టు, గుండె నిండా గాలి తీసుకుని, కానిస్టేబుల్ అంకప్ప, గుడియాత్తం ఠాణా, అంది.

వచ్చింది గొంతు, నిండుగా వచ్చింది, ఎక్కడా విరగలేదు, కోటగోడ దాకా వెళ్ళి తిరిగి వచ్చింది, ఆ వెనువెంటనే హాజర్ అని వరుస మొత్తం గర్జిస్తే గోడ మీది పావురాలు గుప్పున లేచాయి, ఎవరూ నవ్వలేదు, నవ్వడానికి ఏముంది, సరిగ్గా పిలిచింది, ఇంత సులువా, ఇంతకాలం ఎందుకు భయపడింది, అనుకుంటూ, అమ్మ ముఖం చూడాలని గర్వంగా వెనక్కి తిరిగింది, అమ్మ తల ఎత్తలేదు, కొంగు అట్లాగే నుదుటి దాకా ఉంది, కాలి బొటనవేలు మట్టిని రాస్తోంది, పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు, కానీ ఆ పెదవులు ఏమంటున్నాయో అమ్మణికి తెలుసు, ఏటి గట్టున చూసిన పెదవులవి, అప్పుడు తట్టింది, ఆ హాజర్ అమ్మకు కాదు, అది వేరే పిలుపుకు వచ్చిన బదులు, అమ్మ తన జన్మలో ఎప్పుడూ పిలవని పేరుకు వచ్చిన బదులు, అమ్మ పిలిచింది, ఆ నీళ్ళల్లో నిలబడి పిలిచింది, ఏరు పలకలేదు, పోయిన ఏడు ఈ మట్టి మీద నిలబడి పిలిచింది, నవ్వారు, అమ్మ పిలుపుకు ఇంతవరకు ఎవరూ బదులు చెప్పనే లేదు.

జయరామయ్య వెనక్కి రమ్మని కళ్ళతో సైగ చేశాడు, అమ్మణి రాలేదు, మళ్ళీ వరుస వైపు తిరిగింది, ఎందుకని గుమాస్తా మెడ సాచాడు, దొర చూశాడు, సిగ్గు వచ్చింది, వస్తే రానీ, అది వచ్చి పక్కన నిలబడనీ, ఈ మాట మేకల ముందు ఒక్కసారి కూడా అని చూసుకోలేదు, అయినా తెలుసు, పొయ్యి దగ్గర నుంచి వీధి గుమ్మానికి ఎట్లా పిలవాలో రోజూ విన్నదే కదా, అమ్మణి నాయన, అని పిలిచింది, తన పేరు తన నోటి నుంచి అంత గట్టిగా బయటికి రావడం అదే మొదలు, కొత్త పిల్లకాయల్లో ఒకడి పెదవి కదిలింది, నవ్వు వస్తుందా, వస్తే అమ్మ ఇక రాదు, అమ్మ ఇక ఎప్పటికీ రాదు, అంతలో వరుస చివర వంగిన నడుము నిటారుగా లేచింది, మడమ మడమకు తగిలిన చప్పుడు, హాజర్, అన్నాడు జయరామయ్య ఒక్కడే, వణికే గొంతుతో, ఆ గొంతు అట్లా వణకగానే పక్కవాడు, వాడి పక్కవాడు, కడకు వరుస మొత్తం, మొదటిసారి కంటే గట్టిగా, హాజర్, అంది, పావురాలు ఇంకా వాలనే లేదు.

అమ్మ తల ఎత్తింది, కొంగు జారినా సర్దుకోలేదు, అమ్మణిని కాదు, వరుసను చూస్తోంది, ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా, ఎవరినో వెతికినట్టు, దొరికినట్టు, వెనక ఆరోకియమేరి అక్క ముక్కు చీదుకుంటూ, పిల్ల కాదప్పా ఇది, బాకా, అంటోంది, అమ్మణి అమ్మ వైపు నడిచింది, అరచేతులు ఆరిపోయాయి, నడుస్తుంటే తెలిసింది, ఊళ్ళో అంకప్పలు ఎందరైనా ఉంటారు, నాయనలు అందరికీ ఉంటారు, ఆ నీళ్ళల్లో ఆ మనిషిని ఒక్కడినే చేరగల మాట అమ్మ దగ్గర ఒకటే ఉంది, తాడు తెగి వచ్చాక అమ్మ విసిరిన రెండో తాడు తన పేరే, అది ఇంకా తెగలేదు.